ఎంత నడిపించినా కుక్క సన్నబడట్లేదంటే లెక్క తప్పేది గిన్నె బయటే

క్లుప్తంగా

ఇంట్లో కుక్క లావవడానికి నడక తక్కువవడం ఒక కారణమే, కానీ పెద్ద కారణం తిండి, అందులోనూ గిన్నెలో పడేదానికన్నా ఇంట్లో ఒక్కొక్కళ్ళ చేతిమీదుగా విడివిడిగా వెళ్ళే తిండి. 30 కేజీలుండాల్సిన లాబ్రడార్ 40కి వెళ్తే దాన్ని దించడానికి రోజుకి 900 కేలరీల దగ్గర ఆపాలి, మామూలు ఇంట్లో దానికి అందేది ఇంచుమించు రెట్టింపు. వారానికి బరువులో 1 నుంచి 2 శాతం తగ్గితే మంచి స్పీడే. వ్యాయామం కండ నిలవడానికీ కీళ్ళకీ కావాలి, బరువు దించే పని మాత్రం తూచి పెట్టే తిండిదే.

డాక్టర్ చెప్పేదొకటి, ఇంట్లో చేసేదొకటి

పొద్దున ఐదున్నరకి విజయవాడ మొగల్రాజపురం సందుల్లోనో భవానీపురం వైపో, లేదా గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్లలోనో ఓ రౌండు వేస్తే గొలుసు పట్టుకుని కుక్కని లాక్కెళ్ళేవాళ్ళు కనిపిస్తారు. లాక్కెళ్ళడం అన్నది ఊరికే అన్న మాట కాదు, కొన్ని ల్యాబ్‌లు, అంటే లాబ్రడార్లు, నాలుగిళ్ళు దాటేసరికే రోడ్డు మధ్యలో కూర్చుండిపోతాయి. టీకాకి తీసుకెళ్ళినప్పుడు డాక్టర్ కాటా మీద నిలబెట్టి బరువెక్కువుంది తగ్గించండి అని చెప్పే ఉంటారు, ఆ మాట విని ఇంటికొచ్చి ఎక్కువమంది మొదట చేసేది నడక పెంచడం, అరగంట తిప్పేదాన్ని గంట తిప్పుతారు, రెండు నెలలు పోయాక మళ్ళీ కాటా ఎక్కిస్తే అదే అంకె. ఒక్కోసారి అరకేజీ ఎక్కువ కూడా. ఇంత తిప్పినా తగ్గకపోవడమేంటి, థైరాయిడేమో అని అక్కడ అనుమానం మొదలవుద్ది.

థైరాయిడ్ అవ్వొచ్చు, దాని సంగతి కింద ఉంది. కానీ చాలా ఇళ్ళల్లో సమాధానం అంత దూరం వెళ్ళకుండానే, వంటింటికీ హాలుకీ మధ్యలోనే దొరుకుద్ది.

లావు అని ఎప్పుడు అనాలి

మన దగ్గర మొదటి చిక్కు ఇదే. బొద్దుగా ఉంటే ముద్దుగా పెంచుతున్నారంటారు, పక్కటెముక కాస్త తెలిసిందంటే గేటు దగ్గర నుంచున్న పక్కింటావిడ ఏంటండీ దీనికి తిండి పెట్టట్లేదా అని అడిగేస్తారు, ఆ ఒక్క మాటకి ఆ రాత్రి ఇంకో గరిటె అన్నం ఎక్కువ పడుద్ది. నిజానికి సరైన బరువున్న కుక్క మన కంటికి కొంచెం బక్కగానే అనిపిస్తుంది, ఎందుకంటే కన్ను లావుకి అలవాటు పడిపోయింది.

వెటర్నరీ డాక్టర్లు వాడేది 9 మార్కుల స్కేలు. 4, 5 మార్కులు సరైన ఒళ్ళు, ఆ పైన ఒక్కో మార్కుకి సుమారు 10 నుంచి 15 శాతం అదనపు బరువు, 9 అంటే ఉండాల్సినదానికన్నా 40 శాతం పైనే. దీన్ని ఇంట్లో చూడ్డానికి మిషన్లేమీ అక్కర్లేదు. మనిషి చేతినే చూసుకుంటే చాలు: పిడికిలి బిగించి కణుపుల మీద ఇంకో చేత్తో తడిమితే ఎలా గుచ్చుకుంటాయో కుక్క పక్కటెముకలు అలా తగిలితే అది బక్కది, చెయ్యి చాపి వెనకవైపు తడిమితే ఎముకలు ఎలా తెలుస్తాయో అలా తగిలితే సరిగ్గా ఉన్నట్టు, అరచేతి కండ తడిమినట్టు మెత్తగా ఉండి ఎముక కోసం వెతకాల్సొస్తే లావు. పైనుంచి చూస్తే పక్కటెముకలు అయిపోయాక నడుము దగ్గర లోపలికి నొక్కు ఉండాలి, పక్కనుంచి చూస్తే పొట్ట వెనక్కి పోయేకొద్దీ పైకి లేవాలి. లావెక్కిన ల్యాబ్‌ని డాబా మెట్ల మీదనుంచి కిందికి చూస్తే అచ్చం గ్యాస్ బండ పడుకోబెట్టినట్టుంటుంది, నొక్కూ ఉండదు ఏమీ ఉండదు.

ఒక్క జాగ్రత్త. పొట్ట మాత్రమే ఉబ్బి, వెన్నెముక, తుంటి ఎముకలు బయటికి తేలుతుంటే అది కొవ్వు కాదు. లివర్, గుండె జబ్బుల్లో పొట్టలో నీరు చేరుద్ది, ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో గర్భసంచికి చీము పట్టినా పొట్ట పెరుగుద్ది. అలాంటిదాన్ని డైటింగ్ పేరుతో ఇంట్లో ఉంచేస్తే ప్రాణం మీదికొస్తుంది, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి.

ఒక ల్యాబ్, ఒక రోజు, ఒక చిట్టా

లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఒక ఇల్లు ఊహించుకుంటే సరిపోద్ది. పటమటలో మూడో అంతస్తు ఫ్లాటు, ఇంట్లో ఐదుగురు, ఆరేళ్ళ ల్యాబ్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఉండాల్సిన బరువు 30 కేజీలు, ఉన్నది 40.

దీనికి ఎంత తిండి కావాలో చెప్పే ఫార్ములా ఒకటుంది, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. బరువుని దాంతోనే మూడుసార్లు గుణించాలి, అంటే 30 ఇంటూ 30 ఇంటూ 30, వచ్చినదానికి వర్గమూలం బటన్ రెండుసార్లు నొక్కాలి, దాన్ని 70తో గుణించాలి. 30 కేజీలకి సుమారు 900 వస్తుంది. కుక్క ఊరికే పడుకుని ఊపిరి పీల్చుకుంటూ ఉండటానికి రోజుకి అయ్యే ఖర్చు అది. కాస్త తిరిగే, ఆపరేషన్ అయిన కుక్క బరువు పెరగకుండా తగ్గకుండా ఉండటానికి దీనికి ఒకటిన్నర రెట్ల దాకా, అంటే 1250 నుంచి 1400 కేలరీలు పడతాయి. బరువు తగ్గించాలంటే ఉండాల్సిన బరువుకి వచ్చిన ఆ 900 దగ్గరే ఆపాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూద్దాం. ఆరింటికి తాతయ్య కాఫీ తాగుతూ నాలుగు మారీ బిస్కెట్లు వేస్తారు, అవి 90 కేలరీలు. ఎనిమిదింటికి గిన్నెలో రెండు వందల గ్రాముల డ్రై ఫుడ్, ఏ కంపెనీదైనా మన ఇళ్ళల్లో దాని పేరు పెడిగ్రీయే, అది 720. మధ్యాహ్నం నానమ్మ తన కంచంలోంచి పెరుగన్నం కలిపి పెడతారు, పావుకేజీ అన్నం వంద గ్రాముల పెరుగు కలిపితే 385, పైన చెంచా నెయ్యి 45. నాలుగింటికి స్కూల్ నుంచొచ్చిన పిల్లాడు పళ్ళకి మంచిదని నమిలే స్టిక్ ఒకటిస్తాడు, 75. సాయంత్రం నాన్న సెంటర్ నుంచి పునుగులు పట్టుకొస్తే చట్నీ అంటకుండా మూడు పడతాయి, 120. రాత్రి మళ్ళీ గిన్నెలో చికెన్ రైస్, 480.

కూడితే 1900 దాటుద్ది. కానీ ఇందులో అసలు విషయం మొత్తంలో లేదు, విడగొడితే కనిపిస్తుంది. గిన్నెలో పడింది డ్రై ఫుడ్డూ రాత్రి చికెన్ రైసూ కలిపి 1200, అది 30 కేజీల ల్యాబ్‌కి ఉజ్జాయింపుగా సరిపోయే తిండే. మిగతా 715 గిన్నె బయటిది. ఈ కుక్క ఏం తింటుందని డాక్టర్ అడిగితే ఆ ఇంట్లో ఎవరైనా రెండు పూట్లేనండీ అంటారు, అది అబద్ధం కాదు, ఎవరి చేతిది వాళ్ళకి మాత్రమే తెలుసు, ఎవరిదీ పెద్ద మొత్తం కాదు. తాతయ్య నాలుగు బిస్కెట్లకే కుక్క లావైపోయిందా అంటే అవ్వలేదు మరి. ఐదు చేతులు కలిస్తే అయింది.

పొద్దున డ్రై ఫుడ్ ఓ గుప్పెడు తగ్గించాం అయినా తగ్గలేదు అనేవాళ్ళ లెక్క కూడా ఇక్కడే తేలిపోద్ది. గుప్పెడు అంటే యాభై గ్రాములనుకున్నా 180 కేలరీలు, ఇంకా 1700 పైనే పోతున్నాయి.

నడక ఎందుకు సరిపోదు

కుక్క నడిచేటప్పుడు కిలోమీటరుకి, తన బరువు కేజీకి, సుమారు ఒక కేలరీ ఖర్చవుద్ది, కొంచెం అటూ ఇటూ. అంటే 40 కేజీల కుక్క రెండున్నర కిలోమీటర్లు నడిస్తే పోయేది వంద, నూట పది. ప్రతి కరెంటు స్తంభం దగ్గరా ఆగి వాసన చూసుకుంటూ నడిచే కుక్కకి ఆ రెండున్నర కిలోమీటర్లకి ముప్పావు గంట పడుద్ది. ఆ కష్టమంతా మారీ బిస్కెట్లలో చెప్పుకుంటే నాలుగైదు. నడిచొచ్చిందిగా పాపం అని ఇంటికొచ్చాక బిస్కెట్లు వేసే అలవాటుంటే ఆ రోజు వాకింగ్ ఖాతాలో మిగిలేది సున్నా.

మనుషుల్లోనూ ఇంతే, కానీ కుక్కకి ఇంకో ఇబ్బంది ఉంది. మనిషి తన ఒళ్ళు తగ్గాలని పరిగెడతాడు, ఆయాసం వచ్చినా ఓర్చుకుంటాడు, లావెక్కిన కుక్కకి ఆ గోలేమీ తెలీదు, మోకాలు నొప్పేస్తే ఆగిపోద్ది. నొప్పి వల్ల కదలదు, కదలకపోవడం వల్ల కండ తగ్గుద్ది, కండ తగ్గితే కూర్చున్నచోట ఖర్చయ్యే కేలరీలు కూడా తగ్గి అదే తిండి ఇంకా ఎక్కువైపోద్ది. ఈ చక్రాన్ని తిండి వైపు నుంచే ఆపగలం. కీళ్ళవాతం ఉన్న లావు కుక్కల్లో చూసినప్పుడు ఒంటి బరువు 6 శాతం పైన తగ్గిన దగ్గర్నుంచే కుంటడం తగ్గినట్టు తేలింది, 40 కేజీల ల్యాబ్‌కి అది రెండున్నర కేజీలే. ఆ రెండున్నర దిగాక అదే లేచి తోక ఊపుకుంటూ గేటు దగ్గరికెళ్ళి నుంచుంటుంది, నడక పెంచడానికి సరైన టైము అదీ.

తప్పంతా పెట్టేవాళ్ళదేనా

పూర్తిగా కాదు. లాబ్రడార్ ఎంత తిన్నా ఇంకా కావాలన్నట్టు చూస్తుంది, దాన్ని కక్కుర్తి అని కొట్టిపారేస్తాం గానీ కొన్నిటి ఒంట్లో ఆ ఆకలి నిజంగానే ఉంటుంది. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు పీవోఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లేకపోవడం వల్ల కడుపు నిండిన సంగతి మెదడుకి సరిగ్గా అందట్లేదని గుర్తించారు. వాళ్ళు చూసిన ల్యాబ్‌లలో నాలుగింట ఒకదానికి ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక కాపీ అయినా ఉంది, ఒక్కో కాపీకి సగటున రెండు కేజీల బరువు ఎక్కువ. 2024లో అదే బృందం ఇంకోటి చెప్పింది, ఈ మార్పున్న కుక్కలు పడుకుని ఉన్నప్పుడు ఖర్చు చేసే కేలరీలు కూడా పాతిక శాతం దాకా తక్కువ. ఆకలేమో ఎక్కువ, ఖర్చేమో తక్కువ, అలాంటి కుక్కకి పాపం అడుగుతోందిగా అని పెట్టుకుంటూ పోతే దానికి అంతు ఉండదు.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే లావైపోద్ది అనే మాటలో సగం నిజం. ఆపరేషన్ తర్వాత హార్మోన్లు మారి ఆకలి పెరుగుద్ది, శరీరానికి కావాల్సిన శక్తి మాత్రం 20 నుంచి 30 శాతం తగ్గుద్ది. గిన్నె పాత గిన్నె, కొలత పాత కొలత అయితే ఆర్నెల్లలో తేడా కనిపించి తీరుద్ది. ఆపరేషన్ మానేయడం దీనికి మందు కాదు, కుట్లు మానేలోపే కొలత మార్చడం మందు.

చర్మం అలర్జీకి వాడే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్లు, ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటోన్ కూడా ఆకలి బాగా పెంచుతాయి, అలా అని డాక్టర్‌ని అడక్కుండా మాన్పించకూడదు. థైరాయిడ్ తక్కువైన కుక్క తిండి పెరక్కుండానే లావవుద్ది, మందకొడిగా ఉంటుంది, రెండు పక్కలా వెంట్రుకలు పలచబడతాయి. కుషింగ్స్ అనే ఇంకో హార్మోన్ జబ్బులో పొట్ట వేలాడుద్ది, నీళ్ళు విపరీతంగా తాగుద్ది. రక్తపరీక్షలో తేలతాయి, కాకపోతే వేరే జబ్బున్నప్పుడు కూడా థైరాయిడ్ అంకె తక్కువ చూపిస్తుంది కాబట్టి ఒక్క అంకె చూసి జీవితాంతం మాత్రలు మొదలెట్టకుండా ఇంకో పరీక్షతో ఖాయం చేసుకోవడం మంచిది. విజయవాడ పక్కనే గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది కాబట్టి ఈ చుట్టుపక్కలవాళ్ళకి ఇలాంటి అనుమానం తీర్చుకోవడానికి హైదరాబాద్ పరిగెత్తే పని లేదు.

తిండి తగ్గించడం అంటే ఏది తగ్గించాలి

ఉన్న తిండినే సగం చేసేయడం అందరికీ తట్టే దారి. కేలరీలతో పాటు ప్రొటీన్, విటమిన్లు, ఖనిజాలు కూడా సగమైపోవడం దాంతో వచ్చే ఇబ్బంది, అప్పుడు కుక్క కొవ్వుతో పాటు కండ కూడా పోగొట్టుకుంటుంది, రోజంతా వంటింట్లోనే కాపలా కాస్తుంది, మూడో రోజుకి ఇంట్లోవాళ్ళ మనసు కరిగిపోద్ది. బరువు తగ్గించడానికి ప్రత్యేకంగా చేసే డ్రై ఫుడ్‌లో కేలరీలు తక్కువ పెట్టి ప్రొటీన్, పీచు ఎక్కువ పెట్టేది అందుకే. వంద గ్రాములకి 300 కేలరీలున్న ఫుడ్ అయితే మన ల్యాబ్‌కి రోజుకి 270 గ్రాములు, అది 810, మిగతా 90 ఇంట్లోవాళ్ళ చేతి ఖర్చు. చిరుతిండి మొత్తంలో పదో వంతు దాటకూడదన్న రూలుకి ఇది సరిపోద్ది.

గ్రాములన్నది కావాలని రాసిందే. కప్పుతోనో గ్లాసుతోనో కొలిస్తే చెయ్యి మారినప్పుడల్లా కొలత మారుద్ది, నొక్కి పోస్తే ఒకటి, వదులుగా పోస్తే ఇంకోటి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా ఉంటే ఈ తగాదాయే ఉండదు.

ఇంటి తిండే పెడతామనేవాళ్ళకి దారి లేకపోలేదు. తోలు తీసిన చికెన్ ఉడికించి 200 గ్రాములు, వండిన అన్నం 200 గ్రాములు, సొరకాయ బీన్స్ క్యారెట్ కలిపి ఇంకో 200, ఒక ఉడికించిన గుడ్డు, కాస్త పెరుగు, ఒక టీస్పూను నూనె, ఇదంతా కలిపినా 820 దగ్గరే ఆగుద్ది. సొరకాయ వంద గ్రాముల్లో 15 కేలరీలే కాబట్టి గిన్నె నిండినట్టుంటుంది, కుక్కకి మోసం తెలీదు. చికెన్ కొట్టులో చవగ్గా వచ్చే తోళ్ళూ స్క్రాపూ మాత్రం ఈ లెక్కలోకి రావు, తోలు దాదాపు కొవ్వే, ఒక్కసారిగా ఎక్కువ కొవ్వు పడితే లావు కుక్కల్లో పాంక్రియాస్ అనే అరుగుదల గ్రంథి వాచి వాంతులతో హాస్పిటల్ పాలవడం మామూలే. ఇంటి తిండిలో ఇంకో లోటు కాల్షియం, జింక్ లాంటివి. చికెన్ రైస్ ఎంత శుభ్రంగా వండినా అవి చాలవు, నెలల తరబడి పెట్టాలంటే డాక్టర్‌ని అడిగి సప్లిమెంట్ కలపాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉడికిన ఎముకలు ఏ లెక్కలోనూ వద్దు, బిర్యానీ అన్నం మిగిలిందని పెట్టడం కూడా ఇందులోకే వస్తుంది.

ఇక రాగులు. మనుషుల డైటింగ్ పద్ధతులన్నీ మెల్లగా కుక్క గిన్నెలోకి దిగుతున్నాయి, అన్నం మాన్పించి రాగి జావ పోస్తున్నాం, రాత్రికి రెండు చపాతీలే పెడుతున్నాం అని చెప్పుకునే ఇళ్ళు చాలానే ఉన్నాయి. రాగి పిండి వంద గ్రాముల్లో 320 కేలరీల పైనే ఉంటాయి, బియ్యంలో 350 దరిదాపు. తేడా చెప్పుకోదగ్గది కాదు. జావ పలచగా పోస్తే తగ్గేది నీళ్ళ వల్ల, రాగి వల్ల కాదు. రెండు చపాతీలు 200 కేలరీలు, అదే 200 కేలరీలకి చికెన్ పెడితే ప్రొటీన్ అందుద్ది, ఆకలీ ఆగుద్ది.

మనుషులకి సన్నబడే ఇంజెక్షన్లొచ్చాయిగా, కుక్కలకి లేవా అని కూడా అడుగుతున్నారు. కుక్కల లావుకి మందు ఒకప్పుడు వచ్చింది, 2007లో అమెరికాలో డిర్లోటపైడ్‌కి అనుమతిచ్చారు, కొన్నేళ్ళకి అది మార్కెట్లోంచి వెళ్ళిపోయింది. మనుషుల ఇంజెక్షన్ తెచ్చి కుక్కకి సొంతంగా పొడవడం ఆలోచించాల్సిన పనే కాదు.

ఐదు చేతులకి ఒక డబ్బా

చిట్టా తెలిసినా ఇంట్లో అమలు కష్టం, ఎందుకంటే తిండి పెట్టడం ఆ ఇంట్లో తిండి పెట్టడం మాత్రమే కాదు. నానమ్మకి మధ్యాహ్నం ఇంట్లో తోడుండేది ఆ కుక్కే, నోరులేని జీవం ఎదురుగా కూర్చుని చూస్తుంటే ముద్ద ఎలా దిగుద్దిరా అంటారు, దానికి కేలరీల లెక్క జవాబు కాదు. పెట్టొద్దు అని ఆర్డరేస్తే చాటుగా పెడతారు, చాటుగా పెట్టింది అసలు లెక్కలోకే రాదు, ముందుకన్నా అన్యాయం.

ఇలాంటి చోట బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది. పొద్దునే రోజు మొత్తం తిండి తూచి అందులోంచి కొంత డ్రై ఫుడ్, కొన్ని కీరా ముక్కలు, క్యారెట్ ముక్కలు ఒక డబ్బాలో వేసి ఫ్రిజ్ మీద పెట్టడం. ఎవరికి పెట్టాలనిపించినా ఆ డబ్బాలోంచే. నానమ్మ పెడతారు, తాతయ్య పెడతారు, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయింది. కుక్కకి లెక్క తెలీదు, ఒకే ముక్కని నాలుగు చేసి నాలుగుసార్లు ఇచ్చినా నాలుగుసార్లు పెట్టినట్టే సంబరపడుద్ది. గిన్నెలో పోసే డ్రై ఫుడ్‌ని డాబా మీద చల్లినా, పాత తువాలులో చుట్టి ఇచ్చినా వెతుక్కుంటూ పావుగంట తింటుంది, గిన్నెలో అయితే ల్యాబ్‌కి అది నిమిషం పని.

బెజవాడ ఎండలో వ్యాయామం

బరువు దించడంలో నడక వాటా చిన్నదే అయినా మానేయడానికి లేదు, తిండి తగ్గినప్పుడు కండ పోకుండా ఆపేది అదే. ఎలా, ఎప్పుడు అన్నది మాత్రం మన ఊళ్ళో వేరు.

కుక్కకి ఒంటి మీద మనలాగా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పితే తడి ఆరి ఆ చల్లదనంతో ఒళ్ళు చల్లబడుద్ది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ తడి ఆరదు. కృష్ణా గుంటూరు జిల్లాల్లో మేలో 44, 45 డిగ్రీలూ ఉంటాయి, వానాకాలంలో ఉక్కపోతా ఉంటుంది, రెండూ కుక్కకి ఇబ్బందే, పైగా లావు కుక్కకి చర్మం కింద కొవ్వు దుప్పటిలా వేడిని లోపలే పట్టి ఉంచుద్ది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి నీడ పడింది కదా అని తీసుకెళ్తే తారు రోడ్డు ఇంకా కాలుతూనే ఉంటుంది, అరచెయ్యి వెనకవైపు రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కాళ్ళకీ పనికిరాదు. కొండలు ఆనుకున్న మొగల్రాజపురం, గుణదల లాంటి చోట్ల పగలంతా కాగిన రాయి రాత్రి కూడా సెగ వదులుద్ది. ఎండాకాలంలో తెల్లారి ఆరు లోపు, లేదా రాత్రి తొమ్మిది దాటాక, అంతే.

పగ్‌ల సంగతి ఇంకా జాగ్రత్త. 2003లో వచ్చిన హచ్ సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన పుణ్యమా అని దేశమంతా ఇష్టపడ్డ ఆ చప్పిడి ముక్కు కుక్కకి రొప్పడానికే సరైన దారి లేదు, దానికి కొవ్వు కూడా తోడైతే మార్చి దాటాక బయటి నడకకన్నా ఏసీ గదిలో బంతి దొర్లించడం నయం. మెడపట్టీ బదులు ఛాతీకి వేసే బెల్టు వాడితే గొంతు నొక్కుకోదు.

అస్సలు అలవాటు లేని లావు కుక్కకి మొదట పది నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోవచ్చు. బంతి విసిరి పరిగెత్తించడం, సోఫాల మీదనుంచి దూకించడం బరువు దిగేదాకా వద్దు, ఒక్కసారిగా ఆగి తిరిగేటప్పుడే మోకాలి లిగమెంట్ తెగుద్ది. ఈత కీళ్ళకి చాలా మంచిది, నీళ్ళు బరువు మోస్తాయి కాబట్టి. అలా అని కాలవల్లోకి దింపడం ప్రమాదం, నీళ్ళొదిలిన టైములో లాగుడు ఎక్కువ, గట్లు నిటారుగా ఉంటాయి, లావు కుక్క దిగగలదు, ఎక్కలేదు. వీధికుక్కల భయంతో నడకే మానేసిన ఇళ్ళు కూడా చాలా ఉన్నాయి, వాళ్ళకి అపార్టుమెంటు సెల్లారో డాబానో దిక్కు, అదీ చాలు. రొప్పడం ఆగకపోయినా, చిగుళ్ళు ఎర్రగా మారినా, నడక తూలినా, వాంతి చేసుకున్నా వెంటనే నీడకి చేర్చి ఒళ్ళు తడిపి ఫ్యాను పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, వడదెబ్బలో నిమిషాలు లెక్క.

పది కేజీలు ఎన్ని నెలలు

వారానికి 1 శాతం అంటే 40 కేజీల ల్యాబ్‌కి 400 గ్రాములు, తగ్గేకొద్దీ ఆ 1 శాతం కూడా చిన్నదవుద్ది కాబట్టి 30కి రావడానికి సుమారు ఏడు నెలలు పట్టొచ్చు. ఇంత నెమ్మదా అనిపిస్తుంది గానీ దాని ఫలితం ఎంతుంటుందో తెలిపే స్టడీ ఒకటుంది. 2002లో బయటికొచ్చిన ఆ స్టడీలో 48 లాబ్రడార్ పిల్లల్ని ఒకే ఈతవాటిని జంటలుగా విడదీసి, ఒకదానికన్నా ఇంకోదానికి 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, రెండోదానిది 11.2. కీళ్ళవాతం కూడా తక్కువ తిన్నవాటికి చాలా ఆలస్యంగా వచ్చింది. ఎక్కువ తిన్నవి కూడా మన గ్యాస్ బండ ల్యాబ్‌లంత లావు కావు, కొంచెం బొద్దుగా ఉన్నవే.

బరువు రెండు వారాలకోసారి, ఒకే కాటా మీద, పొద్దున తిండికి ముందు చూడాలి. చిన్న కుక్కని ఎత్తుకుని ఇంట్లో కాటా ఎక్కి మన బరువు తీసేస్తే సరిపోద్ది, 40 కేజీల ల్యాబ్‌ని ఎత్తితే మన నడుము పోద్ది కాబట్టి దాన్ని క్లినిక్‌లో నేలబారు కాటా దగ్గరికే తీసుకెళ్ళాలి. మొదటి రెండు నెలలు బాగా తగ్గి ఆ తర్వాత ఆగిపోవడం మామూలే, ఒళ్ళు చిన్నదయ్యేకొద్దీ దాని ఖర్చూ తగ్గుద్ది, అప్పుడు ముందు డబ్బా బయట ఎవరైనా పెడుతున్నారేమో చూసుకుని, లేదని తేలితే తిండి ఇంకో 5, 10 శాతం తగ్గిస్తారు. ఉపవాసాలు మాత్రం వద్దు, కొవ్వుతో పాటు కండ కూడా పోద్ది.

30కి చేరాక కూడా పాత 1900కి వెళ్ళడానికి ఉండదు, పైన లెక్కేసిన 1400కి కూడా చాలా కుక్కలు తట్టుకోలేవు, బరువు తగ్గిన కుక్క అదే బరువుతో పెరిగినదానికన్నా తక్కువ తిండితోనే నిలబడుద్ది. అందుకే రెండు వారాలకి 10 శాతం చొప్పున పెంచుతూ కాటా కదలడం మొదలైన చోట ఆగుతారు, అక్కడి నుంచి నెలకోసారి బరువు చూస్తే చాలు. ఎక్కువగా జారిపోయేది హాస్టల్లో ఉండే పిల్లలు సెలవలకొచ్చినప్పుడూ, సంక్రాంతికి చుట్టాలు దిగినప్పుడూ. అరిసె ముక్క ఒకటే పెట్టామండీ అని నలుగురూ అంటారు, ఆ వారం డబ్బా ఫ్రిజ్ మీద నుంచి తీసి హాల్లో టీవీ పక్కన పెట్టుకున్న ఇళ్ళల్లో కాటా అంతగా కదలదు.